స్పార్క్‌స్టేషన్ 5, 20లలో ఎన్‌వీరామ్ బ్యాటరీ అయిపోతే ఏం చేయాలి

స్పార్క్‌స్టేషన్లు సన్ కంపెనీ పాత కంప్యూటర్లు. ఎన్‌వీరామ్ అంటే పవర్ లేకున్నా బ్యాటరీతో సెట్టింగులు గుర్తుంచుకునే చిప్. ఆన్ చేయగానే ఐడీప్రామ్ (ఆ చిప్‌లో మెషీన్ గుర్తింపు ఉండే భాగం) చెల్లదని చెప్పి, ఈథర్‌నెట్ అడ్రస్ నిండా ఎఫ్‌లే చూపిస్తే బోర్డు పోయినట్టు కాదు. కొన్ని మెషీన్లు డిస్కు వైపే చూడకుండా ఆర్‌ఏఆర్‌పీ ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో తన ఐపీ అడ్రస్ చెప్పే జవాబు) కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. సెట్టింగులు చెదిరి డయాగ్ స్విచ్ అనే పరీక్ష సెట్టింగు ఆన్ అయితే నెట్‌వర్క్ నుంచే బూట్ చేయబోతాయి. ఇది చూసి చాలామంది మంచి డిస్కును పారేస్తారు.

1994లో వచ్చిన ఈ సన్ మెషీన్లలో గడియారం, సెట్టింగులు, ఈథర్‌నెట్ అడ్రస్, హోస్ట్ ఐడీ (మెషీన్ గుర్తింపు సంఖ్య) అన్నీ ఒకే చిప్‌లో ఉంటాయి: 28 కాళ్ల ఎం48టీ08. లిథియం బ్యాటరీ దాని లోపలే ఎపాక్సీలో మూసి ఉంటుంది. ఆయుష్షు సుమారు 10 ఏళ్లు. "కొత్తది, వాడనిది" అని అమ్మే పాత స్టాకును నమ్మొద్దు, చిప్ మీది తయారీ తేదీ కోడ్ చూడండి.

చిప్‌ను సాకెట్ నుంచి రెండు వైపులా సమంగా లేపి తీయండి. మాస్కు పెట్టుకుని, పక్కనుంచి ఎపాక్సీని ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తే బ్యాటరీ తీగలు బయటపడతాయి. చచ్చిన బ్యాటరీలోనూ కాస్త వోల్టేజీ మిగిలే ఉంటుంది కాబట్టి ప్లస్, మైనస్ ఏవో మల్టీమీటర్‌తో తేల్చుకోండి. పాత బ్యాటరీ తీగను తెంచాకే సీఆర్2032 హోల్డర్ అతకండి. తెంచకపోతే పాతది కొత్తదాన్ని తినేస్తుంది.

ఇక ఐడీ రాయాలి. స్టాప్, ఏ కీలు కలిపి నొక్కితే ఆదేశాలు కొట్టే ఓకే ప్రాంప్ట్ వస్తుంది. కీబోర్డు లేకపోతే సీరియల్ పోర్ట్ ఏ: 9600, 8 బిట్లు, పారిటీ లేదు, స్టాప్ 1, అక్కడ బ్రేక్ పంపాలి. కింది మాటలను మెషీన్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఎంకేపీ (mkp) అంటే మొదటి విలువను రెండో అంకె చెప్పే స్థానంలో రాయమని.

సెట్-డిఫాల్ట్స్
1 0 ఎంకేపీ
రియల్-మెషీన్-టైప్ 1 ఎంకేపీ
8 2 ఎంకేపీ
0 3 ఎంకేపీ
20 4 ఎంకేపీ
12 5 ఎంకేపీ
34 6 ఎంకేపీ
56 7 ఎంకేపీ

8:0:20 సన్ కంపెనీది, మార్చొద్దు. తర్వాతి మూడూ మీ ఇష్టం, కానీ ఒకే నెట్‌వర్క్‌లో రెండు మెషీన్లకు ఒకటే ఉండకూడదు. 8 నుంచి బి వరకు తేదీ స్థానాలు, వాటిలో సున్నాలు పెట్టండి. సి, డి, ఈ స్థానాల్లో హోస్ట్ ఐడీ చివరి మూడు బైట్లు. పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సులు దీనికే ముడిపడి ఉంటాయి. పాత సంఖ్య ఎక్కడైనా రాసి ఉంటే అదే పెట్టండి. చెక్‌సమ్ (బైట్లు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చే సంఖ్య) ఎప్పుడూ ఆఖరున:

0 ఎఫ్ 0 డూ ఐ ఐడీప్రామ్@ ఎక్సార్ లూప్ ఎఫ్ ఎంకేపీ

ఆ తర్వాత ఏ బైట్ మార్చినా ఈ వరుస మళ్లీ కొట్టాలి. రీసెట్ చేసి బ్యానర్ అని కొట్టండి. కొత్త అడ్రస్ కనిపించాలి. పవర్ తీసి, రాత్రంతా వదిలేసి మళ్లీ చూడండి. అడ్రస్ పోయి ఉంటే హోల్డర్ టంకం సరిగ్గా అంటలేదన్నమాట.