రాక్ క్రాలర్ కిట్ కొనే ముందు

హనుమకొండ గుట్టల గ్రానైట్ బండలెక్కించడానికి రిమోట్ రాక్ క్రాలర్ (బండలెక్కే చిన్న బొమ్మ కారు) కిట్ కొంటున్నారా? పెట్టెలో ఏమేం ఉండవో ముందు చదవండి. చాలా కిట్లలో మోటారు, స్పీడ్ కంట్రోలర్, సర్వో (ముందు చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటారు), రిసీవర్, రిమోట్, బ్యాటరీ ఉండవు. కొన్నిటిలో టైర్లు కూడా రావు. అవన్నీ కలిపితేనే అసలు ధర తేలుతుంది. మొదటిసారి బిగించేవారికి 1/10 సైజే (అసలు బండిలో పదో వంతు) మేలు, స్క్రూలు వేళ్లకు చక్కగా అందుతాయి. 313 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) అయితే రకరకాల బాడీలు సరిపోతాయి.

సర్వో దగ్గర మాత్రం దయచేసి పొదుపు చేయకండి. రెండు బండల మధ్య ఇరుక్కున్న చక్రాన్ని తిప్పాల్సింది అదే! లోహపు పళ్లచక్రాలతో, కనీసం 20 కిలో-సెంటీమీటర్ల (kg·cm) టార్క్, అంటే తిప్పే బలం, ఉన్నది తీసుకోండి. మోటారుకు వేగం అక్కర్లేదు; 35 నుంచి 55 టర్నుల (లోపలి తీగ చుట్ల) బ్రష్డ్ మోటారు చాలు. బ్యాటరీని వీలైనంత కిందికి, ముందుకు అమర్చే వీలున్న ఛాసిస్ అయితే ఏటవాలు బండ మీద బండి అంత తేలిగ్గా వెనక్కి తిరగబడదు.