కిరెమ్త్ వానల్లో అబాయ్ లోయ దాటే బస్సు ప్రయాణం: జాగ్రత్తలు

ఇథియోపియాలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసే పెద్ద వానల కాలాన్ని కిరెమ్త్ అంటారు. ఈ నెలల్లో అడిస్ అబాబా నుంచి బహిర్‌దార్‌కో, గోండార్‌కో బస్సులో వెళ్లదలచినవారు, ముఖ్యంగా అక్కడి విశ్వవిద్యాలయాల్లో పనిచేసే మన తెలుగు అధ్యాపకుల దగ్గరకు వెళ్లే కుటుంబసభ్యులు, ముందుగా తేల్చుకోవలసినది అసలు రోడ్డు మార్గాన వెళ్లడం అవసరమా అన్న విషయం. ఈ రెండు ఊళ్లూ ఉన్న అమ్హారా ప్రాంతంలో 2023 ఆగస్టు నుంచి ప్రభుత్వ బలగాలకు, ఫానో అనే స్థానిక సాయుధ దళాలకు మధ్య పోరు సాగుతోంది. 2024 జులైలో ఇదే దారిలో గర్బా గురాచా సమీపాన బస్సులను ఆపి విద్యార్థులను అపహరించారు. బహిర్‌దార్‌కూ, గోండార్‌కూ అడిస్ నుంచి విమానాలు ఉన్నాయి. ఖర్చు ఎక్కువైనా, పిల్లలతోనూ పెద్దవాళ్లతోనూ వెళ్లేవారికి విమానమే మేలని నా గట్టి అభిప్రాయం. బస్సు తప్పనిసరైతే, బయలుదేరే ముందురోజు గమ్యస్థానంలో ఉన్నవారికి ఫోన్ చేసి దారి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. అడిస్‌లోని భారత రాయబార కార్యాలయం ఇచ్చే సూచనలను చూడండి.

ఈ దారిలో అత్యంత కష్టమైన భాగం గోహత్సియోన్, దెజెన్ ఊళ్ల మధ్య ఉంది. ఇక్కడ రోడ్డు నీలి నైలు లోయలోకి, అంటే అక్కడివారి అబాయ్ లోయలోకి, వెయ్యి మీటర్లకు పైగా మలుపులు తిరుగుతూ దిగి, 2008లో జపాన్ సాయంతో కట్టిన వంతెన మీద నదిని దాటి, అవతలి వైపు మళ్లీ దాదాపు అంత ఎత్తూ ఎక్కుతుంది. వానకు నానిన కొండవాలు జారుతూ ఉండటం వల్ల తారు కొన్నిచోట్ల కుంగి, మరికొన్నిచోట్ల ఉబ్బి కనిపిస్తుంది. బరువైన లారీల బ్రేకులు దిగుడులో వేడెక్కి పట్టు తప్పే ప్రమాదం కూడా ఉంది. అందువల్ల తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నంలోగా లోయ దాటే పెద్ద బస్సునే ఎంచుకోండి. రాత్రిపూట నడిచే టొయోటా హైయేస్ మినీబస్సులు ఎంత తొందరగా చేరుస్తామన్నా ఎక్కవద్దు. మట్టిపెళ్లలు పడి బస్సు ఆగిపోతే, దిగినవారు కొండవాలు కింద నిలబడకూడదు.

టికెట్టు మీద తేదీ, సమయం రెండూ మనల్ని పొరపాటు పడేలా చేస్తాయి. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలైనట్టే అక్కడ గంటల లెక్క కూడా ఉదయం ఆరింటి నుంచి, రాత్రి లెక్క సాయంత్రం ఆరింటి నుంచి మొదలవుతుంది కనుక, తెల్లవారుజామున 11 గంటలకు బస్సు అంటే మన లెక్కలో 5 గంటలకని అర్థం. వారి సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది. 2026 జులై 15 వారికి 2018 హమ్లె నెల 8. కాబట్టి కౌంటర్‌లోనే మన తేదీని, మన గడియారం ప్రకారం సమయాన్ని టికెట్టు వెనక రాయించుకోండి.

కిటికీ గాలి తగిలితే జబ్బు చేస్తుందని తోటి ప్రయాణికులు చాలామంది అద్దాలు తెరవనివ్వరు. వాంతులయ్యేవారు ముందు వరుస సీటు తీసుకుని, డాక్టరును అడిగి అవోమిన్ వంటి మాత్ర బయలుదేరే ముందే వేసుకోవాలి. శాకాహారులకు బుధ, శుక్రవారాల్లో ఇబ్బంది తక్కువ. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాస దినాలు కనుక మాంసం, పాలు, గుడ్లు లేని ‘యెత్సోం’ (ఉపవాస) భోజనం, ఇంజెరా అనే పులిసిన పిండి అట్టుతో దొరుకుతుంది. ఆగస్టు 7 నుంచి రెండు వారాల పాటు ఫిల్సెతా ఉపవాసంలో రోజూ దొరుకుతుంది. అయితే ఉపవాసంలో చేప తినేవారూ ఉన్నారు కనుక అడిగి తినండి.

బహిర్‌దార్ సుమారు 1,800 మీటర్ల ఎత్తున తానా సరస్సు ఒడ్డున ఉంది. అక్కడ మలేరియా ఉంది కనుక నివారణ మందు గురించి ముందే వైద్యుణ్ణి సంప్రదించండి. గోండార్ దాటి సిమియెన్ కొండలవైపు 3,000 మీటర్లు మించి వెళ్లేవారు తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి ఎక్కకూడదు. తగ్గకపోతే కిందికి దిగిపోవాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకుని, ఆ ధ్రువపత్రాన్ని పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలోనే ఉంచుకోండి. అది లేకుండా ఇథియోపియా నుంచి తిరిగివస్తే భారత విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు.