నైరోబీలో ఒక్క రోజు ఖాళీ దొరికితే సఫారీకి ఇలా వెళ్లండి

ఆఫీసు పని మీద నైరోబీ వెళ్లి, తిరుగు ఫ్లైట్‌కి ముందు ఒక రోజు మిగిలితే దాన్ని మాల్‌లో తిరుగుతూ పోగొట్టుకోకండి. పేరున్న సఫారీ చోటు మసాయి మారా దాకా వెళ్లాలంటే రోడ్డు మీదే ఐదారు గంటలు పోతాయి గానీ, సిటీ సెంటర్ నుంచి పట్టుమని పది కిలోమీటర్లు కూడా లేని దూరంలో నైరోబీ నేషనల్ పార్క్ ఉంది. 1946లో ఏర్పాటైన ఈ పార్కు కెన్యాలో మొట్టమొదటి నేషనల్ పార్క్, విస్తీర్ణం 117 చదరపు కిలోమీటర్లు. జూ అనుకోకండి. మూడు వైపులా కంచె ఉన్నా దక్షిణం వైపు తెరిచే ఉంటుంది, జంతువులు అటు మైదానాల్లోకి వెళ్లి వస్తుంటాయి. సింహాలు, చిరుతలు, అడవి దున్నలు, ఖడ్గమృగాలు, జిరాఫీలు అన్నీ ఉన్నాయి. ఏనుగులు మాత్రం లేవు, వాటి సంగతి తర్వాత చెప్తాను.

అసలు పని ఇండియాలో, బయల్దేరక ముందే మొదలవుతుంది. కెన్యా నుంచి ఇండియాకి తిరిగి వచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా కార్డు చూపించాలి, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఆ టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది కాబట్టి చివరి వారంలో పరుగెడితే లాభం లేదు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, వైజాగ్‌లో పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు. ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని, పాస్‌పోర్ట్ తీసుకుని వెళ్లండి. కెన్యాకి ఈటీఏ, అంటే ఆ దేశంలోకి వెళ్లడానికి ఎలక్ట్రానిక్ అనుమతి కూడా ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

పార్కు గేటు ఉదయం ఆరింటికి తెరుస్తారు. ఆరింటికే మీరు గేటు దగ్గర ఉండాలి, ఇందులో రాజీ వద్దు. ఎండ ఎక్కాక సింహాలు పొదల్లో పడుకుంటాయి, పక్క నుంచే వెళ్లినా కనపడవు. టికెట్ డబ్బు నోట్లుగా తీసుకోరు, ముందు రోజే ఆన్‌లైన్‌లో కట్టేయండి. బండి విషయంలో మామూలు ట్యాక్సీ కన్నా, పైకప్పు లేచే సఫారీ వ్యాన్ మాట్లాడుకోవడమే మంచిది, ఎందుకంటే గడ్డి ఎత్తుగా ఉన్నచోట కారు సీట్లో కూర్చుంటే గడ్డి తప్ప ఏమీ కనపడదు. నైరోబీ సముద్ర మట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఆఫ్రికా కదా అని పల్చటి చొక్కాతో వెళ్తే తెల్లవారుజామున వణుకుతారు, స్వెటర్ తప్పనిసరి. పులిహోర కట్టుకెళ్లాలనుకుంటే స్టీలు డబ్బాలో పెట్టుకోండి, ప్లాస్టిక్ కవర్లు ఆ దేశంలో 2017 నుంచే నిషేధం, పార్కుల్లోకి వాటర్ బాటిల్ కూడా డిస్పోజబుల్‌ది తేకూడదు. బబూన్ కోతులున్న చోట మాత్రం డబ్బా మూత తీయకండి.

లోపలికి వెళ్లాక అందరూ చేసేది ఒకటే, డ్రైవర్‌ని సింహం ఎక్కడ, సింహం ఎక్కడ అని తొందరపెట్టడం. దానివల్ల రోజంతా దుమ్ము తినడమే మిగులుతుంది. ఒక చోట ఇంజన్ ఆపించి పది నిమిషాలు ఊరుకోండి. మేస్తున్న ఇంపాలాలన్నీ (ఇవి జింకల్లాంటివి) ఒక్కసారిగా తలెత్తి ఒకే వైపు చూస్తుంటే, మీరూ అటే చూడండి, అక్కడ ఏదో ఉన్నట్టే. ఖడ్గమృగాలకు ఈ పార్కు నిజంగా గొప్ప చోటు. నల్ల ఖడ్గమృగం పై పెదవి కొస మొనదేలి ఉంటుంది, దాన్ని వేలిలా వంచి ముళ్ల కొమ్మను పట్టుకుని నోట్లోకి లాక్కుంటుంది, తెల్లదాని మూతి వెడల్పుగా, గడ్డి మేయడానికి అనువుగా ఉంటుంది. బైనాక్యులర్స్ ఉంటే ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఖడ్గమృగాల వెనకాలే నగరం భవనాలు కనపడుతుంటే, ఇంత పెద్ద ఊరి అంచున ఇవి ఇంకా బతికున్నాయా అని ఒళ్లు పులకరిస్తుంది.

బండి దిగడానికి కొన్ని చోట్లే అనుమతి ఉంది. నీటి ఏనుగుల మడుగుల దగ్గర తుపాకీ ఉన్న రేంజర్‌తో కలిసి నడవొచ్చు. 1989లో అప్పటి అధ్యక్షుడు మోయ్ 12 టన్నుల ఏనుగు దంతాలకు నిప్పు పెట్టిన స్థలం కూడా పార్కులోనే ఉంది, తప్పకుండా ఆగండి. ఆ బూడిద కుప్ప దగ్గర నిలబడితే దంతాల వ్యాపారం ఎన్ని ఏనుగుల్ని మింగిందో మనసుకెక్కుతుంది.

ఇక ఏనుగులు. తల్లుల్ని పోగొట్టుకున్న గున్నల్ని పెంచే షెల్డ్రిక్ ట్రస్ట్ పార్కు అంచునే ఉంది. పదకొండు నుంచి పన్నెండు దాకా ఒక్క గంటే సందర్శకుల్ని రానిస్తారు, ముందుగా బుక్ చేసుకోకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. అందుకని పార్కు నుంచి పదింటికల్లా బయటపడండి, మళ్లీ లోపలికి రావచ్చులే అనుకుని చూడాల్సింది ఏదీ తర్వాతకి వదిలేయకండి. గున్నలు పాల సీసాల కోసం పరుగెత్తుకుంటూ వస్తాయి, పిల్లలు మీతో ఉంటే వాళ్లని ముందు వరుసలో నిలబెట్టండి.

మధ్యాహ్నం టైముంటే దగ్గర్లోనే జిరాఫీ సెంటర్ ఉంది, మన చేత్తో మేత పెట్టొచ్చు. ఫ్లైట్ ఆ రాత్రికే అయితే దాన్ని వదిలేయండి, నైరోబీ సాయంత్రపు ట్రాఫిక్‌లో ఇరుక్కుని టెన్షన్ పడేకన్నా నాలుగింటికల్లా ఎయిర్‌పోర్ట్ దారి పట్టడం నయం.