చలికాలంలో ట్రెడ్‌మిల్‌పై మారథాన్ సాధన: ఎక్కే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

బయట చలిగా ఉంది కనుక లోపల చెమట తక్కువ పడుతుందని అనుకోకూడదు. ఒకేచోట పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి తగలదు కాబట్టి, చెమట త్వరగా ఆరక ఒళ్లు బయటికంటే ఎక్కువగా వేడెక్కుతుంది. అందువల్ల పలుచని దుస్తులు వేసుకొని, ఎదురుగా ఫ్యాను, చేతికందే దూరంలో మంచినీళ్లు ఉంచుకున్న తరువాతే యంత్రం ఎక్కాలి.

సేఫ్టీ కీ (ఊడివస్తే యంత్రాన్ని ఆపే తాళం) తాడుకున్న క్లిప్పును దుస్తులకు తగిలించుకోవాలి. చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ, కాలు జారినప్పుడు బెల్టును ఆపేది అదే. యంత్రం వెనుక గోడ గానీ సామాను గానీ లేకుండా చూసుకోవాలి.

గాలి నిరోధం లేని లోటును పూడ్చడానికి బెల్టు ముందువైపు పైకి లేచేలా 1 శాతం వాలు పెట్టుకోవడం వాడుకలో ఉంది; నెమ్మదిగా పరుగెత్తేవారికి అది తప్పనిసరి కాదు. అయితే గంటల తరబడి ఒకే వాలులో, ఒకే వేగంతో సాగితే అవే కండరాలపై అదే భారం పదేపదే పడుతుంది కాబట్టి, రెండింటినీ మధ్యమధ్యలో మార్చాలని ముందే నిర్ణయించుకోవాలి. 42.195 కిలోమీటర్ల పందెం జరిగేది కదలని నేల మీద. అందుచేత దారి జారకుండా ఉన్న రోజు చూసుకొని, వారానికి ఒకసారైనా బయట పరుగెత్తడం మేలని నా అభిప్రాయం.

మార్చుకోవడానికి పొడి దుస్తులు సిద్ధంగా ఉంచుకోవాలి. తడిసిన బట్టలతో చలిలోకి వెళ్లకూడదు. ఛాతీలో నొప్పి వచ్చినా, తల తిరిగినా వెంటనే పరుగు ఆపి వైద్యుణ్ణి సంప్రదించాలి.