మంగమారిపేట రాతి తోరణాన్ని బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌పై తీయడం ఎలా?

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో, తొట్లకొండ దగ్గర, అలలు తొలిచిన రాతి తోరణం ఒకటి ఉంది. ఫోన్‌తో ఎన్నయినా తీయొచ్చు. ఫిల్మ్ రోలులో ఉండేవి 36 ఫ్రేములే.

1. ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకి నీళ్లు బాగా వెనక్కి పోతాయి, పోటుకి అంతే ముందుకొస్తాయి. నాచు పట్టిన రాయి మీద కాలు పెట్టకండి.

2. ట్రైపాడ్ ఉంటే ఇల్‌ఫర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ ఫిల్మ్ (125), లేకుంటే హెచ్‌పీ5 ప్లస్ (400). ఈ అంకె ఫిల్మ్ వేగం (ఐఎస్ఓ), అది పెరిగేకొద్దీ తక్కువ వెలుగు సరిపోతుంది.

3. మన తీరంలో పొద్దు సముద్రంలోంచే పొడుస్తుంది. పొద్దున్నే ఇసుకలో నిలబడి సముద్రం వైపు తీస్తే రాయి నల్లముద్దే. తీరం వెంబడి ఉత్తరానికో దక్షిణానికో తిరిగి నిలబడండి. ఎండ పక్కనుంచి పడితే ప్రతి పగులూ, గరుకూ తేలుతుంది.

4. అసలు పని ఎక్స్‌పోజర్, అంటే ఫిల్మ్‌పై ఎంత వెలుగు పడనివ్వాలన్నది. వెలుగును కొలిచే లైట్ మీటర్ దేన్ని చూసినా బూడిద రంగే అనుకుంటుంది. నా మొదటి రోల్లో దాని మాటే విన్నాను, తడిసిన నల్లరాళ్లన్నీ సిమెంటు దిమ్మల్లా వచ్చాయి! వివరం కనపడాల్సిన నీడల్లో బాగా చీకటిగా ఉన్న పగులును మీటర్‌తో చూడండి. ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత) దగ్గర 1/15 సెకను అన్నదనుకోండి, రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకీ వెలుగు సగమవుతుంది) తగ్గించి 1/60 పెట్టండి. నలుపు నలుపుగానే ఉంటుంది, పగులూ కనిపిస్తుంది.

5. ఈ రాయి ఎర్రమట్టి ఛాయలో ఉంటుంది కాబట్టి ఎర్ర ఫిల్టర్ వేస్తే రాయి తెల్లబడి, నీలాకాశం నల్లబడుతుంది. సూర్యుడి వైపు ఆకాశంలో మాత్రం పెద్ద తేడా రాదు. ఫిల్టర్ మూడు స్టాపుల వెలుగు మింగేస్తుంది, అంటే 1/60 కాస్తా 1/8 అవుతుంది. అలలు కొంచెం చెదిరినట్టు పడతాయి. నాకైతే అదే ఇష్టం.

6. ఉప్పు తుంపర పడిన ఫిల్టర్‌ను చొక్కాతో తుడవకండి, గీతలు పడతాయి. మంచినీళ్లతో కడిగి మెత్తని గుడ్డతో అద్దండి.

7. ఎఫ్‌పీ4ను ఐడీ-11 అనే డెవలపర్ మందులో సమానంగా నీళ్లు కలిపి డెవలప్ చేస్తే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. ఎండాకాలంలో మన కుళాయి నీళ్లు అంత చల్లగా ఎక్కడ దొరుకుతాయి? ఐసు ముక్కలు మందులో వేయకండి, పలచబడుతుంది. టబ్బులో ఐసునీళ్లు పోసి మందు సీసాలను అందులో నిలబెట్టండి. చివర్లో ఫిల్మ్ కడిగే నీళ్లకూ ఒక సీసా పక్కన పెట్టుకోండి.