ఇల్లు అమ్మితే చేతికి ఎంత మిగులుతుంది? లెక్క వేసే పద్ధతి

ఫ్లాట్ 90 లక్షలకు పోతోందని సంబరపడి, ఆ 90నీ నమ్ముకుని ఇంకో ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేసేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. బయానా తీసుకోకముందే ఈ లెక్క వెయ్యాలి. ఫోన్‌లో కాదు, తెల్లకాగితం మీద. కొట్టివేతలు కనిపిస్తేనే ఎక్కడ తప్పారో తెలుస్తుంది.

చిన్న ఖర్చులతో మొదలుపెట్టండి. బ్రోకర్ కమీషన్ 1 శాతం అనుకుంటే 90 వేలు. ఆస్తి పన్ను, అసోసియేషన్ మెయింటెనెన్స్ బకాయిలు, కరెంటు బిల్లు, పైపై రిపేర్లు కలిపి 40 వేలు వేసుకోండి. అమ్మే ముందు ఇల్లంతా రంగులు వేయించకండి, కొన్నవాళ్లు ఎలాగూ మళ్లీ వేయిస్తారు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు మన దగ్గర కొనేవాళ్లే పెట్టుకుంటారు.

లోన్ ఉంటే యాప్‌లో కనిపించే బ్యాలెన్స్ రాయకండి. ఫలానా తేదీకి మొత్తం ఎంత కట్టాలో బ్యాంకు నుంచి లెటర్ తీసుకోండి, రోజువారీ వడ్డీతో సహా. ఫ్లోటింగ్ వడ్డీ (ఎప్పటికప్పుడు మారే వడ్డీ) మీద వ్యక్తిగతంగా తీసుకున్న హోమ్ లోన్‌కి ముందే తీర్చినందుకు పెనాల్టీ వెయ్యకూడదు. మన ఉదాహరణలో లోన్ 18 లక్షలు.

అందరూ బోల్తాపడేది పన్ను దగ్గర. ఇక్కడ తొందరపడకండి.

ఇల్లు 24 నెలలు దాటి మీ దగ్గర ఉంటే లాభం దీర్ఘకాలికం. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లయితే, ఇండియాలో ఉండేవాళ్లకు రెండు లెక్కలు ఉన్నాయి: ఇండెక్సేషన్ (అంటే ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్‌తో 20 శాతం. ఏది తక్కువైతే అది కడితే చాలు. 12.5 చిన్న అంకె కదా అని చాలామంది రెండోది వేసి కూడా చూడరు.

2014-15లో స్టాంపు ఖర్చులతో కలిపి 45 లక్షలకు కొని, 2025-26లో 90కి అమ్మారనుకుందాం. కమీషన్ పోగా 89.1 లక్షలు. మామూలు లెక్కలో లాభం 44.1 లక్షలు, పన్ను సుమారు 5 లక్షల 51 వేలు. ఇప్పుడు రెండోది. ఇందుకోసం ప్రభుత్వం ఏటా ప్రకటించే ఇండెక్స్ అంకె అప్పుడు 240, 2025-26కి 376. 45ని 376తో గుణించి 240తో భాగిస్తే కొన్న ధర 70.5 లక్షలవుతుంది. లాభం 18.6 లక్షలకు దిగింది. 20 శాతం వేసినా పన్ను 3 లక్షల 72 వేలే. పన్ను మీద అదనంగా వేసే 4 శాతం సెస్ కలిపితే 3 లక్షల 87 వేలు. అలాగని ప్రతిసారీ ఇండెక్సేషనే గెలవదు, ఇంటి ధర బాగా పెరిగిన చోట 12.5 శాతమే మేలు. అందుకే రెండూ వెయ్యాలి. ఆన్‌లైన్ కాలిక్యులేటర్లను నేను నమ్మనిది ఇక్కడే: మీరు అప్పట్లో కట్టిన స్టాంపు డ్యూటీ సంగతి చాలావాటిలో అడగనే అడగరు.

కొన్న ధర అంటే దస్తావేజులో ఉన్న ధర. అప్పట్లో 45 ఇచ్చి 28కే రిజిస్ట్రేషన్ చేయించుకుని, తక్కినది నగదుగా ముట్టజెప్పినవాళ్లు 28 నుంచే మొదలుపెట్టాలి. ఆ రోజు మిగిలిందనుకున్న స్టాంపు డ్యూటీ కంటే ఎక్కువ పన్ను ఇప్పుడు పడొచ్చు. అమ్మేటప్పుడు తక్కువ చూపిద్దామన్నా కుదరదు, ప్రభుత్వ విలువ (స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం కట్టిన విలువ) మీ ధర కంటే 10 శాతానికి మించి ఎక్కువుంటే పన్ను ప్రభుత్వ విలువ మీదే.

ఇప్పుడు తీసివేతలు: 90లో కమీషన్, బకాయిలు, లోన్, పన్ను పోగా మిగిలేది దాదాపు 66 లక్షల 83 వేలు. లాభాన్ని మరో ఇంటి మీద పెడితే పన్ను తగ్గుతుంది కానీ, కాగితం మీద ముందు పన్ను కట్టినట్టే రాయండి.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (మీ పేరున ప్రభుత్వానికి ముందే కట్టే పన్ను) పట్టుకుంటారు. అది ఖర్చు కాదు, మీ పన్నులో జమ అవుతుంది. విడిగా మళ్లీ తీసెయ్యకండి.

అమెరికాలో ఉండి ఇక్కడి ఇల్లు అమ్మే మనవాళ్ల లెక్క వేరు. ఇండెక్సేషన్ లెక్క వాళ్లకు లేదు. టీడీఎస్ కూడా 1 శాతం కాదు, 12.5 శాతం, పైన సర్‌చార్జి (పెద్ద మొత్తాల మీద పడే అదనపు పన్ను), సెస్. చాలాసార్లు మొత్తం అమ్మకం ధర మీదే కోసేస్తారు, రిటర్న్ వేసి రీఫండ్ వచ్చేదాకా ఆ డబ్బు ఇరుక్కుపోతుంది. టీడీఎస్ తక్కువ పట్టుకోవచ్చని ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే సర్టిఫికెట్‌కి ముందుగానే అప్లై చేసి, అది చేతికొచ్చాకే రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకోండి.