కొన్ని ఫొటోలకే 403: నాకు పనిచేసిన పద్ధతి

వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వ్యాపారం చేసే మా బావగారికి ఆర్డర్ల యాప్ చేసిచ్చాను. తెల్లవారి పడవలు రాగానే అందరూ ఒకేసారి ఫొటోలు పెడతారు. ఆ తాకిడికి సర్వర్ చతికిలబడుతోందని, ప్రీసైన్డ్ యూఆర్‌ఎల్‌తో (సర్వర్ ముందే సంతకం చేసి ఇచ్చే తాత్కాలిక అప్‌లోడ్ లింకు) ఫోన్ నుంచి నేరుగా అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్ అయిన ఎస్3 బకెట్‌లోకే వెళ్లేలా మార్చాను. అప్పట్నుంచి వంజరం ఫొటో ఎక్కేది, ధరల స్క్రీన్‌షాట్‌కి మాత్రం 403, అంటే 'అనుమతి లేదు' అనే ఎర్రర్.

యాక్సెస్ కీలు మార్చాను, బకెట్ పాలసీ తిరగరాశాను, కోర్స్ (CORS, వేరే సైట్ నుంచి వచ్చే రిక్వెస్టులకు అనుమతి) సెట్టింగులు కెలికాను. రెండు రాత్రులు దండగ.

చివరికి దారి చూపింది ఆ 403తో పాటు ఎస్3 పంపిన ఎక్స్‌ఎమ్‌ఎల్ జవాబు. అప్పటిదాకా దాన్ని తెరిచి చూడనే లేదు, సిగ్గుచేటు! సిగ్నేచర్ కలవలేదంటూ, ఎస్3 తాను లెక్కగట్టిన కెనానికల్ రిక్వెస్ట్ (సంతకం సరిచూడటానికి వాడిన రిక్వెస్ట్ రూపం) కూడా అందులోనే ఇస్తుంది. అక్కడ కంటెంట్-టైప్ (ఫైల్ రకం చెప్పే హెడర్) 'ఇమేజ్/పీఎన్‌జీ' అని ఉంది. నేనేమో అన్నిటికీ 'ఇమేజ్/జేపెగ్' అని సంతకం చేస్తున్నాను.

ముందు ఫైల్ టైప్‌ని బ్రౌజర్ నుంచి సర్వర్‌కి పంపాను. సర్వర్‌లో అది జేపెగ్, పీఎన్‌జీ, వెబ్‌పీల్లో ఒకటో కాదో చూసి, బోటో3లో (ఎస్3 లాంటి అమెజాన్ సేవలు వాడే పైథాన్ లైబ్రరీ) యూఆర్‌ఎల్ తయారుచేసేటప్పుడు అదే కంటెంట్-టైప్ ఇచ్చాను. తర్వాత ఫైల్‌ని ఎస్3కి పంపే పుట్ రిక్వెస్ట్ హెడర్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అదే పెట్టాను. స్క్రీన్‌షాట్ ఎక్కింది.

నాది పైథాన్. కొన్ని లైబ్రరీలు కంటెంట్-టైప్‌ని సంతకంలో కలపవు, అక్కడ కారణం వేరే ఉండొచ్చు. మీరైతే ముందు ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్ తెరవండి.